భృతి వద్దందాం సరే, రసీదు వద్దనొద్దు

(మండల స్థాయి వ్యవసాయ కూలీల శిక్షణా తరగతుల్లో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పొద్దున మూడు పల్లెల నుంచి ఒకే తీర్మానం వచ్చింది. "ఉపాధి పని అడుగుతాం. పని చూపించకపోతే ఇవ్వాల్సిన నిరుద్యోగ భృతి మాత్రం ఇక అడగం. ఇప్పటిదాకా పెట్టిన దరఖాస్తులు వెనక్కి తీసుకుంటాం." ఇదీ తీర్మానం. దీని మీద మాట్లాడమని సంఘం నాకు చెప్పింది. భోజనాలయ్యాక చేతులెత్తి ఓటెయ్యాల్సింది మీరు. నేను చెప్పేదంతా విని, నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పండి.

తీర్మానం ఎందుకు పెట్టారని ఆ మూడు పల్లెల వాళ్లనీ అడిగాను. మూడు కారణాలు చెప్పారు.

మొదటిది భయం. భృతి అడిగిన గ్రూపు మీద మేటూ ఫీల్డ్ అసిస్టెంటూ పగబడతారు. తర్వాత పని పెట్టినప్పుడు రాతి నేల చూపిస్తారు. కొలతల దగ్గర కోత కోస్తారు. "వంద రూపాయల కోసం పోతే వెయ్యి రూపాయల కూలి పోయింది" అని ఒక అక్క అంది. అది నిజం.

రెండోది ఖర్చు. భృతి కోసం మండలాఫీసుకి ఐదుసార్లు తిరిగితే బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపి చేతి డబ్బే ఎక్కువవుతుంది. ఇదీ నిజమే.

మూడోది పరువు. ఊళ్లో ఆసాములు రచ్చబండ మీద కూర్చుని, "వీళ్లకి ఒళ్లు వొంగట్లేదు. పని చెయ్యకుండానే డబ్బులు కావాలంట" అని మనం వినేట్టుగా అంటున్నారు. "మాకు రెక్కలున్నాయి. ఊరికే వచ్చే డబ్బు మాకెందుకు?" అని మన కుర్రాళ్లు రోషపడుతున్నారు.

మొదటి రెండు కారణాలకి మందు ఉంది, చివర్లో చెప్తాను. ముందు మూడోది తేల్చుకుందాం. ఎందుకంటే భయాన్నీ ఖర్చునీ మనం మోస్తూనే వచ్చాం. వాటికే అలిసిపోతే ఇన్నాళ్లు సంఘం నిలబడేది కాదు. మనల్ని వెనక్కి లాగుతున్నది ఈ మాటే.

వద్దనడం మనకి కొత్త కాదు

రోషంలో తప్పు లేదు. ఇస్తున్నదాన్ని వద్దనడం దళిత ఉద్యమంలో మొదటి నుంచీ ఉన్నదే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మన జనానికి ఏం చెప్పారు? చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండి, ఇంటింటికీ పోయి మిగిలిపోయిన రొట్టెలు అడుక్కోవడం మానండి అని చెప్పారు.

ఆ మరుసటి ఏడాది, 1928లో, బొంబాయి శాసన మండలిలో ఆయన ఒక బిల్లు పెట్టారు. దాని సంగతి కొంచెం ఓపిగ్గా వినాలి, మన తీర్మానానికి అది చాలా దగ్గర. మహారాష్ట్రలో మహర్లకి "వతన్" అని ఒకటి ఉండేది. ఊరి కింద చిన్న చెక్క భూమి, ఇళ్ల దగ్గర ఇంత గింజ. మన వైపు వెట్టివాళ్లకీ మస్కూరివాళ్లకీ ఉన్న మాన్యాల్లాంటిదే అనుకోండి. దానికి బదులుగా మహర్లు రాత్రనక పగలనక సర్కారుకీ ఊరికీ చాకిరీ చెయ్యాలి. కబురు మోయాలి, అధికారి వస్తే మూటలు మోయాలి. మొగోడు ఇంట లేకపోతే ఆడదో, ముసలాడో పోవాలి. చెక్క భూమి ఇచ్చి ఇల్లు మొత్తాన్నీ కట్టేసుకున్నారు.

అంబేద్కర్ బిల్లులో ఏం అడిగారు? చాకిరీ పోవాలి. భూమి మాత్రం పోకూడదు. రైతులందరిలాగా పూర్తి శిస్తు కట్టి మహర్లే ఆ భూమి ఉంచుకోవాలి. ఆ బిల్లు నెగ్గలేదు. 1958లో గానీ బొంబాయి రాష్ట్రం చట్టం చేసి ఆ కింది వతన్లని రద్దు చెయ్యలేదు.

ఇందులో మనకి కావాల్సింది ఒక్కటే. ఏదైనా వదులుకునే ముందు, అది మనల్ని కడుతోందా, ఎదుటివాణ్ణి కడుతోందా అని చూడాలి. మనల్ని కట్టేదయితే తెంపాలి. ఎదుటివాణ్ణి కట్టేదయితే గట్టిగా పట్టుకోవాలి. వతన్‌లో రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి అంబేద్కర్ రెంటినీ విడదీశారు. గొలుసు తెంపమన్నారు, భూమి నిలుపుకోమన్నారు. ఆ విడదీసే పనే ఇవాళ మనం భృతి విషయంలో చెయ్యాలి.

భృతి ఎవర్ని కడుతోంది?

2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని మొదలుపెట్టారు. 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వచ్చింది. అంతకుముందు 1977లో మహారాష్ట్ర ఇలాంటి చట్టం చేసింది, అందులోనూ భృతి ఉంది. 2005 చట్టంలో ఏడో సెక్షన్ ఏం చెప్పిందంటే, పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే ఆ మనిషికి నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకి కూలి రేటులో పావు వంతుకి తగ్గకూడదు. ఆ తర్వాత సగానికి తగ్గకూడదు.

2025-26కి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి రేటు 307 రూపాయలు. పావు వంతంటే 76 రూపాయల 75 పైసలు. సగమంటే 153 రూపాయల 50 పైసలు. నెల రోజులు పని చూపించకపోతే మనిషికి 2,302 రూపాయల 50 పైసలు. నలభై మంది గ్రూపుకి లెక్కేస్తే 92,100 రూపాయలు. ఈ లెక్క మనకోసం చెప్పట్లేదు. ఆఫీసులో కూర్చున్నోళ్లు వేసుకునే లెక్క ఇది, అందుకని చెప్తున్నాను.

ఎందుకంటే ఆ చట్టంలో ఒక మెలిక పెట్టారు. కూలి డబ్బు కేంద్రం ఇచ్చేది, భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. పని పెడితే రాష్ట్రానికి ఖర్చు తక్కువయ్యేది. పెట్టకపోతే శిక్ష. అంటే ఈ భృతి మన సోమరితనానికి ఇచ్చే కూడు కాదు, సర్కారు సోమరితనానికి వేసే జరిమానా. ఆసాములు రచ్చబండ మీద మాటని తిరగేసి చెప్తున్నారు. పని అడిగింది మనం. చూపించంది వాళ్లు. సిగ్గుపడాల్సింది ఎవరు?

ఇది వతన్‌లాగా మనల్ని కట్టిందా? భృతి తీసుకున్నోళ్లు ఎవరికీ మూట మొయ్యక్కర్లేదు. ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. రాజ్యాంగం 41వ అధికరణలో పని హక్కూ, పని లేనప్పుడు ప్రభుత్వ సాయమూ పక్కపక్కనే రాశారు. అవి ఆదేశిక సూత్రాలు, వాటితో నేరుగా కోర్టుకి పోలేం. 2005 చట్టం ఆ రెండు ముక్కల్నీ పల్లెటూరి కూలీ చేతికి అందే చోట పెట్టింది.

పథకానికీ చట్టానికీ ఉన్న తేడా కూడా చూడండి. చదువుకున్న మన పిల్లలకి 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరుతో నెలకి వెయ్యి రూపాయల భృతి మొదలైంది. 2019లో ప్రభుత్వం మారింది, అది ఆగిపోయింది. తెలంగాణలో 2018 ఎన్నికల్లో నెలకి 3,016 రూపాయల భృతి హామీ ఇచ్చారు. అది కాయితం దాటలేదు. దొర దయ మీద వచ్చింది దొరతోనే పోతుంది. చట్టంలో రాసింది ఒక్కసారిగా పోదు. కానీ అడిగేవాళ్లు లేకపోతే అదీ మెల్లగా ఎండిపోతుంది.

పని లేకపోవడం మనకి ఎక్కడి నుంచి వస్తుంది?

పట్నంలో కంపెనీ మూతబడితే పని పోతుంది. వాన పడకపోతే పల్లెలో పని పోతుంది. మన పల్లెలకి ఇంకో కారణం కూడా ఉంది, అది కులం. 1991 జూలైలో చుండూరులో ఏం చేశారు? ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపడానికి ముందు, ఊరి పెత్తందార్లు దళితుల్ని సాంఘికంగా వెలేశారు. పొలం పనులకి పిలవొద్దని కట్టడి చేశారు. కత్తి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది పని బందు.

మన ఊళ్లలో ఇది పెద్ద గొడవలప్పుడే జరగదు. అంబేద్కర్ బొమ్మ పెడితే పని బందు. గుళ్లోకి పోతే పని బందు. పంచాయతీ ఎన్నికల్లో చెప్పినోడికి ఓటెయ్యకపోతే పని బందు. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి సాంఘిక, ఆర్థిక బహిష్కరణని నేరంగా చేర్చారు. పనిలోకి పిలవకుండా ఆపడం కూడా అందులోకి వస్తుంది. ఆ కేసు పెట్టాలంటే ధైర్యం కావాలి. కేసు నడిచినన్నాళ్లు పొయ్యి మీదకి గింజలు కూడా కావాలి. ఆ గింజలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆసామి పొలం మీద ఆధారపడని పని ఒకటి ఊళ్లో ఉండాలి. ఉపాధి పని అందుకే ఆసాములకి అంత కంటగింపు. ఆ పని సర్కారు చూపించకపోయినా కొంతయినా చేతికి రావాలి. దానికే భృతి.

కాబట్టి "భృతి మాకొద్దు" అని మనమే రాసిస్తే ఎవరు సంతోషిస్తారో ఊహించుకోండి. ఆఫీసులో వాళ్లూ సంతోషిస్తారు, రచ్చబండ మీద వాళ్లూ సంతోషిస్తారు. ఇద్దరూ ఒకేసారి సంతోషపడే పని మనం చెయ్యబోతున్నామంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

రసీదు సంగతి

తీర్మానంలో రెండు వాక్యాలు కలిసిపోయాయి, వాటిని విడదీస్తాను. "భృతి డబ్బు తీసుకోం" అనేది ఒకటి. "దరఖాస్తులు వెనక్కి తీసుకుంటాం" అనేది ఇంకొకటి. మొదటిది మీ ఇష్టం. ఎవరి రోషం వాళ్లది, ఎవరి అవసరం వాళ్లది. రెండోది మాత్రం ఒక్క మనిషి ఇష్టం కాదు.

పని అడిగిన రోజు తారీఖు వేసి రసీదు ఇవ్వాలి. అసలు కీలకం ఆ చిన్న చీటీలోనే ఉంది. రసీదు ఉంటేనే 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కెయ్యాలో తెలుస్తుంది. రసీదు లేకపోతే మనం అడగనట్టే. ఆఫీసుల్లో నడిచే తంతు మీకు తెలుసు. నోటితో చెప్పి పొండి, పేరు రాసుకుంటాం అంటారు. పని పెట్టినప్పుడు, ఆ రోజే అడిగినట్టు కంప్యూటర్లో ఎక్కిస్తారు. లెక్కల్లో చూస్తే అడిగినోళ్లందరికీ అడిగిన వెంటనే పని దొరికినట్టే ఉంటుంది. నెల రోజులు మనం ఖాళీగా కూర్చున్న సంగతి ఏ కాయితంలోనూ ఉండదు. దేశంలో భృతి అందుకున్నోళ్లు చాలా తక్కువ కావడానికి పెద్ద కారణం ఇదే.

రసీదు పట్టుకున్నచోట ఏం జరిగిందో కూడా చెప్తాను. మధ్యప్రదేశ్‌లో బడ్వానీ జిల్లా పాటీ బ్లాకులో జాగృత ఆదివాసీ దళిత్ సంఘటన్ అని ఒక సంఘం ఉంది. చట్టం వచ్చిన తొలి రోజుల్లోనే వాళ్లు ఊరూరా దరఖాస్తులు రాయించి, తారీఖుతో రసీదు ఇచ్చేదాకా ఆఫీసు దగ్గర నుంచి కదలకుండా కూర్చున్నారు. పని రాలేదు. రసీదులు చూపించి భృతి అడిగారు. సర్కారు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడ పనులు బాగా పెరిగాయి. భృతి ఒక్కసారి కక్కాల్సి వస్తే, మళ్లీ కక్కకుండా ఉండటానికి పని చూపిస్తారు. వాళ్లకి కావాల్సింది కూడా పనే. మనకీ పనే కావాలి. దానికి దారి భృతి మీదుగా ఉంది.

వదులుకోవాల్సినవాళ్లు కూడా ఉన్నారు

ఇక మన వైపు నిజాయితీ సంగతి. సంఘం మాటకి విలువుండాలంటే ఇది గట్టిగా చెప్పుకోవాలి.

పని అడిగి, ఇంతలో మిరపకోతలకో, పట్నంలో మేస్త్రీ పనికో పోయినోళ్లు ఆ రోజులకి భృతి అడగకూడదు. ఆ రోజులు కొట్టేసి మిగతా రోజులకే అడగాలి. వేరే కొలువు దొరికిన తమ్ముడు, "నాకు దొరికింది, ఇంక నా పేరు తీసెయ్యండి" అని ఒక కాయితం రాసివ్వాలి. అలా మానుకోవడం గౌరవం. ఒక్క దొంగ పేరు దొరికితే చాలు, ముప్పై తొమ్మిది మంది నిజమైన పేర్లని దొంగల్ని చేస్తారు.

చట్టం కూడా కొన్ని షరతులు పెట్టింది. పని చూపించాక ఒప్పుకోకపోయినా, పిలిచిన 15 రోజుల్లో పోకపోయినా, చెప్పకుండా వారానికి మించి మానేసినా మూడు నెలలపాటు భృతి రాదని తొమ్మిదో సెక్షన్ చెప్పింది. అక్కడే ఇంకో మాట కూడా రాశారు: భృతి పోయినా, పని అడిగే హక్కు ఎప్పుడూ పోదు. చూశారా, చట్టమే పని అడగడాన్నీ భృతి అడగడాన్నీ విడదీసింది. భృతి వదులుకున్నోళ్లు కూడా పని అడగొచ్చు, రసీదు తీసుకోవచ్చు.

కాబట్టి "ఇక భృతి మాకొద్దు, పని వెతుక్కుంటాం" అనే మనిషిని ఎవరూ చిన్నచూపు చూడొద్దు. భృతి తీసుకునే మనిషిని కూడా చూడొద్దు. మొగుడు లేని అక్క, ముగ్గురు పిల్లలతో ఉంది. ఆమెకి రోజుకి 76 రూపాయలంటే కిలోన్నర బియ్యం. మన రోషం కోసం ఆమె బియ్యం వదులుకోమనడానికి మనమెవరం? వద్దనుకునేవాళ్లు తమకి వద్దనుకోవాలి, పక్కవాళ్ల తరఫున వద్దనకూడదు.

కొత్త చట్టం వచ్చింది, ఇంకా జాగ్రత్త

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పొడుగాటి పేరు, "జీ రామ్ జీ" అని పొట్టిగా పిలుస్తున్నారు. పాత పేరులోని గాంధీ పోయాడు. పేరు సంగతి అలా ఉంచండి, లోపల ఏముందో చూద్దాం. వంద రోజులు 125 అయ్యాయి, మంచిదే. కానీ ఇదివరకు కూలి డబ్బంతా కేంద్రానిది, ఇప్పుడు మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రమే ముందు కడుతుంది, దాటిన ఖర్చు రాష్ట్రం మీదే. 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి అనే మాట అందులోనూ ఉంది.

ఇప్పుడు లెక్క మారింది. ఇదివరకు పని పెట్టడం రాష్ట్రానికి చవక. ఇప్పుడు పని పెట్టినా ఖర్చే, పెట్టకపోయినా ఖర్చే. ఇక చవకైన దారి ఒకటే, కూలీ అడగలేదని రాసుకోవడం. అంటే రసీదు ఇవ్వకుండా తప్పించుకోవడం. మనమే దరఖాస్తులు వెనక్కి తీసుకుంటే వాళ్ల నెత్తి మీద పాలు పోసినట్టే.

ఇంకొకటి. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ఉపాధి పనులు ఆపొచ్చని కొత్త చట్టంలో పెట్టారు. రైతులకి కూలీలు దొరకట్లేదంట. కూలీ దొరక్కపోతే కూలి పెంచాలి. అది చెయ్యకుండా, మనకి వేరే దారి లేకుండా చేసి, ఆసామి చెప్పిన రేటుకి పంపుతున్నారు. ఆసామి ఎవర్ని పిలుస్తాడో, ఎవర్ని పిలవడో ఆసామి ఇష్టం. మన పల్లెని వెలేస్తే ఆ రెండు నెలలూ మనం ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నని మనం అడక్కపోతే ఎవరూ అడగరు.

ఏం చేద్దాం

భయానికీ ఖర్చుకీ మందు చెప్తానన్నాను. రెంటికీ ఒకటే మందు, గుంపు. ఒక్క మనిషి అడిగితే పగబడతారు. పల్లె మొత్తం ఒకేరోజు ఒకే కాయితం మీద అడిగితే ఎవరి మీద పగబడతారు? మేటు మన పిల్లే, ఆమె పేరు కూడా దరఖాస్తులో ఉండాలి. నలభై మందీ తిరగక్కర్లేదు, ఇద్దరు పోవాలి, ఆ ఇద్దరి కూలీ చార్జీలూ సంఘం చందాలోంచి ఇవ్వాలి. దరఖాస్తు కనీసం 14 రోజుల పనికి రాయాలి. రసీదు ఇవ్వకపోతే రిజిస్టర్ పోస్టులో పంపాలి, పోస్టాఫీసు చీటీ కూడా సాక్ష్యమే. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టి, అడిగిన తారీఖు, పని చూపించిన తారీఖు, డబ్బు పడిన తారీఖు, ఈ మూడూ రాయాలి. రాయడానికి పదో తరగతి చదివిన చెల్లెళ్లు ప్రతి పల్లెలో ఉన్నారు. సామాజిక తనిఖీ సభ పెట్టినప్పుడు ఆ నోటుబుక్కు మైకులో చదవాలి. కొలతల్లో కోత కోస్తే అది కూడా అందులోనే ఎక్కాలి.

కాబట్టి తీర్మానాన్ని ఇలా మార్చమని అడుగుతున్నాను.

ఒకటి, పని అడగడం ఆపం, ప్రతిసారీ తారీఖుతో రసీదు తీసుకుంటాం. రెండు, పెట్టిన దరఖాస్తులు ఏవీ వెనక్కి తీసుకోం. మూడు, భృతి డబ్బు తీసుకోవడమా మానడమా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లది. మానుకున్నోళ్లు సంఘానికి చెప్పాలి, వాళ్ల పేరు పని అడిగే జాబితాలో మాత్రం ఉండాలి. నాలుగు, వేరే పని దొరికిన రోజులకి ఎవరూ భృతి అడగరు. అయిదు, పనులు ఆపే 60 రోజుల్లో మన పల్లెల్లో ఎవరినయినా కులం కారణంగా పనిలోకి పిలవకపోతే, సంఘం తరఫున అట్రాసిటీ ఫిర్యాదు ఇస్తాం.

నాలుగో దానికి కొంతమంది మొహాలు చిట్లించారు, చూశాను. ఓటు దానికే ముందు పెడదాం. అది ఒప్పుకుంటేనే మొదటి మూడూ అడిగే అర్హత మనకుంటుంది.

జై భీమ్.